జేజి చిప్ప, పోలయ్య బెండు

బొమ్మలు వెయ్యడం చేతకాదని మీరు పక్కన కూర్చోబెట్టిన పిల్ల పేరు మీకు గుర్తుందా? అలాంటి పిల్లే లేదనకండి. మీ తరగతిలోనో, మీ వీధిలోనో, మీ సొంత ఇంట్లోనో ఒకతె ఉండే ఉంటుంది. వేళ్లలో పట్టు లేక పెన్సిలు జారవిడిచే పిల్ల, రంగుపుల్ల నొక్కలేక కాగితం మీద కనీకనపడని గీత గీసే పిల్ల. ‘నువ్వు చూస్తూ కూర్చోమ్మా’ అని మీరు దయగానే అని ఉంటారు. ఆ దయ మీద నాకు కోపం. దయ్యాల మీద, తాయెత్తుల మీద, ముహూర్తాల మీద యాభై ఏళ్లుగా కోపంగా రాస్తున్నదాన్ని, ఈ దయ జోలికి ఇంతకాలం ఎందుకు పోలేదో చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

పోయిన నెల కోవూరు దగ్గర ఒక బడి వాళ్లు వార్షికోత్సవానికి పిలిచారు. శాస్త్రీయ దృష్టి గురించి పిలకాయలకు నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను వెళ్లేసరికి బొమ్మల పోటీ నడుస్తోంది. నలభై మంది దాకా నేల మీద బోర్లా పడుకుని, నాలుక బయటపెట్టి, అచ్చు వేసిచ్చిన నెమలికి రంగులు నింపుతున్నారు. గోడవారన బెంచీ మీద ఎనిమిదేళ్ల పిల్ల ఒకతె రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. జడలకు కొత్త రిబ్బన్లు కట్టుకుని పండగకు వచ్చినట్టు వచ్చింది. నువ్వు వెయ్యవా అమ్మా అని అడిగితే ఆ పిల్లకు బదులు పక్కనున్న టీచరమ్మ మాట్లాడింది. “దాని చేతుల్లో బలం లేదు మేడం, పుట్టినకాడి నించి అంతే. చూస్తా కూచుంటది. దానికి అదే ఇష్టం.” ఆమె గొంతులో ప్రేమ ఉంది. నేను ఆ పిల్ల తల నిమిరాను. తర్వాత వేదిక ఎక్కి, ప్రశ్నించడం నేర్చుకోమని అరగంట మాట్లాడాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ పిల్ల కొట్టిందో లేదో నేను చూడలేదు.

మర్నాడు నాయుడుపేటలో మా చెల్లెలు విమల ఇంటికి వెళ్లి, భోజనం చేస్తూ ఈ సంగతి చెప్పాను. విమలకు నా ఉపన్యాసాలంటే మొదటినుంచీ చిన్నచూపు. చేపల పులుసులో ముక్క కోసం వెతుకుతూ తలెత్తకుండానే అడిగింది.

“మాట్లాడొచ్చినావు సరే. ఆ బిడ్డ చేతికి ఏమన్నా ఇచ్చొచ్చినావా?”

“నేనేమిస్తా? పిలిస్తే పొయ్యినదాన్ని.”

“అయితే నువ్వు గూడా ఆ టీచరమ్మవేలే అక్కా. ఇంకొంచెం పెద్ద టీచరమ్మవి.”

చెయ్యి కడుక్కుని లోపలికి వెళ్లి, వస్తూ వస్తూ ఒక వస్తువు తెచ్చి నా ముందు పెట్టింది. వల బెండు. వల మునిగిపోకుండా పైతాడుకు వరసగా గుచ్చే తేలిక చెక్కముక్క. కోడిగుడ్డు కన్నా కాస్త పెద్దది, మధ్యలో తాడు దూరే రంధ్రం. అరవై ఏళ్ల చేతిచెమటకు నల్లబడి, చింతగింజలాగా నిగనిగలాడుతోంది. రంధ్రంలో ఒక పెన్ను దూర్చి ఉంది. విమల ఇప్పటికీ సంతకం దాంతోనే పెడుతుంది. నేను ఆ బెండును చేతిలోకి తీసుకున్నాను. ఆపైన పులుసు చల్లారిపోయింది, నేను అన్నం ముట్టలేదు. నాకు మా వాకిలి గుర్తొచ్చింది.

మా ఊరు విడవలూరికి తూర్పున, సముద్రానికి మైలు దూరం. ఒకవైపు మా వరిమళ్లు, రెండోవైపు సరుగుడు తోపులు, అవి దాటితే చేపలు పట్టే పట్టపువాళ్ల పాలెం. తూర్పుగాలి తిరిగితే ఎండు చేపల వాసన ఊళ్లోకి వచ్చేది. పొద్దున్నే మా ఇంటి వాసన వేరు. పేడనీళ్లు చల్లిన మట్టి, పొయ్యిలో సరుగుడు పుల్లల పొగ, పొంగిన రాగి అంబలి. ఈ మూడూ కలిస్తే తెల్లారినట్టు. మా జేజి, అంటే నాయనను కన్నతల్లి, ఆ వాసనలకు అధికారి. వాకిట్లో కళ్లాపి చల్లడం, ముగ్గు వెయ్యడం ఆమె ఎవరికీ వదిలిపెట్టేది కాదు. మా అమ్మ పదేళ్లు కాపురం చేశాక కూడా వెనకవాకిట్లోనే ముగ్గు వేసేది. జేజి ముగ్గు చూపుడువేలికీ బొటనవేలికీ నడుమనుంచి దారంలాగా జారేది. చుక్కకీ చుక్కకీ మధ్య దూరం కొలబద్ద పెట్టినా తప్పేది కాదు. వీధిలో ఆడవాళ్లు నిలబడి చూసేవాళ్లు. వాళ్లు చూస్తున్నారని తెలిసి జేజి ఇంకొంచెం నిదానంగా వేసేది.

సాయంత్రాలు మా నాయనవి. ఆయన వ్యవసాయం చేసేవాడు, అంతకన్నా ఎక్కువగా వాదం చేసేవాడు. పోస్టులో రెండు రోజులు ఆలస్యంగా వచ్చే పత్రికలు చదివి, వాటిని అరుగు మీద పదిమందికీ వినిపించి, కాదన్నవాడితో లాంతరు వెలిగించేదాకా వాదించేవాడు. ఒక ఏడు కావాలని వర్జ్యం ఉన్న వేళే చూసి అరక కట్టాడు. ఆ ఏడు పంట బాగా పండింది. ఆ పంట గురించి పదేళ్లు మాట్లాడాడు. నన్ను ఆ అరుగు మీద నిలబెట్టి ఒకరోజు దయ్యం ఉందని వాదించమనేవాడు, మరుసటి రోజు లేదని వాదించమనేవాడు. ఎదుటివాడి మాట పూర్తిగా వినకుండా జవాబు చెబితే అరుగు దిగిపొమ్మనేవాడు. నాకు తెలిసిన కాస్త తర్కం అక్కడ నేర్చుకున్నదే. జేజి గడప అవతల చేట పట్టుకుని బియ్యంలో రాళ్లేరుతూ అంతా వినేది. ఒక్క మాటా మాట్లాడేది కాదు. ఆమెకు తర్కం తెలియదని నేననుకునేదాన్ని.

విమల నాకన్నా నాలుగేళ్లు చిన్న. మాటలు రాకముందే బొమ్మలు వచ్చిన పిల్ల. బొగ్గుతో గోడ మీద, పప్పు కలిపిన కంచంలో వేలితో, సముద్రం ఒడ్డున తడి ఇసుక మీద కాలిబొటనవేలితో, ఎక్కడ పడితే అక్కడ చేపలూ కొంగలూ వేసేది. నాలుగేళ్లప్పుడు దానికి జ్వరం వచ్చింది. వారం తర్వాత జ్వరం పోతూ పోతూ చేతుల బలాన్ని పట్టుకుపోయింది. కాళ్లు తేరుకున్నాయి, చేతులు తేరుకోలేదు. భుజం నుంచి చెయ్యి పైకి లేచేది కాదు, వేళ్లు దేన్నీ గట్టిగా పట్టేవి కావు. ఎడమది కాస్త నయం. కుడిది తడిగుడ్డలాగా వేలాడేది. జేజి అమ్మవారికి మొక్కుకుంది. నాయన ఆ మొక్కు తీర్చనివ్వకుండా బిడ్డను బస్సులో నెల్లూరు తీసుకుపోయాడు. అక్కడి డాక్టరు చూసి, కొంత బలం రావచ్చు, చేతులకు పని మాన్పించకండి అన్నాడట. నాయన ఆ మాటను మడిచి జేబులో పెట్టుకుని ఊరికి వచ్చాడు.

అక్కడ మొదలైంది మా ఇంటి పొరపాటు. ఒకటి కాదు, రెండు పొరపాట్లు చెయ్యీ చెయ్యీ కలుపుకున్నాయి. జేజికి ఎడమచెయ్యి అంటే పనికిరాని చెయ్యి. అన్నం తినడానికి, ముగ్గుకి, ఒకరికి ఏదైనా ఇవ్వడానికి కుడిచెయ్యే ఉండాలి. నాయనకు పట్టుదల అంటే మందు. కష్టపడితే కండరం బలపడి తీరాలి. ఊళ్లో దేన్ని పట్టుకున్నా విడిచిపెట్టకుండా ప్రశ్నించిన మా నాయన కుడిచేతిని మాత్రం ప్రశ్నించలేదు. ఆయనకు తట్టనైనా తట్టలేదు. తల్లీ కొడుకూ జీవితంలో మొదటిసారి ఒకే మాట మీద నిలబడ్డారు, అదీ ఒక పసిదాని చేతి మీద.

బడి అయివారు ఒక మాట అన్నాడు, దాంతో నాయన పట్టుదల ఇంకా బిగిసింది. విమలకు ఆరేళ్లు వచ్చాయి, బడిలో వెయ్యాలి. అయివారు చెడ్డవాడు కాదు, ఒక్కగదిలో మూడు తరగతులు నెట్టుకొచ్చే మనిషి. “ఎండాకాలం సెలవులు అయ్యేలోగా బలపం పట్టి అ ఆ లు దిద్దితే పేరు రాసుకుంటా. లేకపోతే దాన్ని చూసుకుంటా మిగతా పిలకాయల్ని ఎట్టా చూసేది? ఇంట్లోనే ఉండనీండి” అన్నాడు. ఇంట్లోనే ఉండనివ్వడం అంటే ఏమిటో మాకు తెలుసు. ఆ ఊళ్లో ఇంట్లో ఉండిపోయిన ఆడపిల్ల మరింక ఎక్కడికీ వెళ్లదు.

సెలవుల మొదటి రోజు నుంచి నాయన పొద్దున్నే విమలను అరుగు మీద కూర్చోబెట్టి, ఒళ్లో పలక పెట్టి, కుడిచేతికి బలపం ఇచ్చేవాడు. అది మాటిమాటికీ ఎడమచెయ్యి ముందుకు తెస్తుంటే ఆ చేతిని తన కండువాతో నడుముకు కట్టేవాడు. గట్టిగా కాదు, మెత్తగానే కట్టేవాడు. తాయెత్తు కట్టనివ్వని మనిషి కండువా కట్టాడు. బలపం పడిపోయేది. తీసి ఇచ్చేవాడు. మళ్లీ పడిపోయేది. రాతిబలపం నొక్కితేగాని పలక మీద గీత పడదు, నొక్కడమే కదా దానికి రానిది. నాయన ఎన్నడూ కొట్టలేదు, కసురుకోలేదు. “ఇంకొక్కసారి తల్లీ” అనేవాడు, అంతే. ఆ ఇంకొక్కసారికి అంతు ఉండేది కాదు. బొమ్మలు వెయ్యడం విమల ఎప్పుడో మానేసింది. గోడ మీద దాని పాత చేపలను అమ్మ సున్నం వెయ్యకుండా అట్టే ఉంచింది.

ఆ రోజుల్లోనే ఒక తెల్లవారుజామున నాకు మెలకువ వచ్చి వాకిట్లోకి వెళ్లాను. ఇంకా తెల్లగా వెలుగు రాలేదు. జేజి ముగ్గు వేస్తోంది. ఈ మధ్య ఆమె వీధి లేవకముందే ముగ్గు ముగించేస్తోందని మాకు తెలుసు, వయసుతో భక్తి పెరిగిందని అనుకున్నాం. దగ్గరికి పోయి చూస్తే ఆమె వేళ్లలో ముగ్గు లేదు. కుడి అరచేతికి గుడ్డపీలికతో ఒక చిన్న టెంకాయ చిప్ప కట్టుకుని ఉంది. చిప్ప కన్ను పొడిచి రంధ్రం చేసింది. అందులో జల్లించిన ముగ్గుపిండి పోసి, చేతిని ఊపుతూ నడుస్తుంటే కిందికి సన్నగా ధార పడుతోంది. నన్ను చూసి చిప్పను చెంగు కింద దాచుకుంది. నేను ఆమె వేళ్లు అప్పుడు చూశాను. కణుపులు ఉబ్బి, అల్లం కొమ్ముల్లాగా వంకర పోయాయి.

“ఎవురికీ చెప్పబాక మే. వేళ్లతో వెయ్యలేక చిప్పతో పోస్తా ఉందంటే ఈదంతా నవ్వుతారు” అంది. నేను చెప్పనన్నాను. నాలుగు రోజులు మాట నిలబెట్టుకున్నాను.

అయిదో రోజు పొద్దున అరుగు మీద విమల చేతిలోంచి బలపం జారి, మెట్టు మీద పడి రెండు ముక్కలైంది. నాయన కొత్త బలపం తీశాడు. విమల ఏడవలేదు. పెద్దవాళ్లు ఒక పని మానుకున్నప్పుడు చెప్పినట్టు నిమ్మళంగా చెప్పింది. “నాకు బడి వొద్దు నాయనా. బొమ్మలు గూడా వొద్దు. నా చేతులు ఊరక ఉండనీ.” దాని గొంతులో కోపం ఉంటే నేను ఓర్చుకునేదాన్ని. కోపం లేదు. నాకు ఒళ్లు మండిపోయింది, ఎదుటివాళ్ల మాట వినడం గినడం అంతా మరిచిపోయాను. “జేజికయితే చిప్ప, చిన్నమ్మికయితే బలపమా?” అని అరిచాను.

“ఏం చిప్ప?” అన్నాడు నాయన.

గడప అవతల బియ్యం చెరుగుతున్న జేజి చెయ్యి ఆగిపోయింది. నావైపు చూసిన ఆ చూపు నాకిప్పటికీ మనసులో గుచ్చుకుంటుంది. చేట పక్కన పెట్టి, లోపలికి పోయి ముగ్గుబుట్టతో సహా చిప్ప పట్టుకొచ్చి కొడుకు ముందు పెట్టింది.

“నాకు వేళ్లు ముడవక ఏడాదైంది రా అబ్బయ్యా. ఇదే కట్టుకుని పోస్తా ఉండా.”

“నాకెందుకు చెప్పలేదమ్మా?”

“చెప్తే ఏం జేస్తావు? నాక్కూడా కండువా కడతావా?”

అరుగు పక్కన పాలు పితికిన చెంబుతో నిలబడిన అమ్మ ముఖం అటు తిప్పుకుంది. నవ్వుతోందో ఏమో. నాయన మాత్రం నవ్వలేదు. “తేలిక జేస్తే కండ బలపడదమ్మా. డాక్టరు గూడా అదే అన్నాడు” అన్నాడు.

“డాక్టరు చేతికి పని మాన్పొద్దన్నాడు గాని, బలపమే పట్టించమన్నాడా? నీకు చూపు ఆనకపోతే అద్దాలు పెట్టుకున్నావే, తీసేసి చదువు. కళ్లకి బలమొస్తది.”

అరుగు మీద ఇరవై ఏళ్లుగా ఓడిపోని మనిషి అద్దాలు తీసి పంచె అంచుతో తుడిచాడు, మళ్లీ పెట్టుకున్నాడు. ఇరవై ఏళ్లు గడప అవతల కూర్చుని విన్న ఆమె తర్కం నేర్చుకోలేదని నేననుకున్నాను చూడండి, అది నా తెలివి.

జేజి ఊరుకోలేదు. విమలను వాకిట్లోకి దించి, చిప్పను దాని కుడిచేతికి కట్టింది. చెయ్యి నిలవలేదు, చిప్ప ఒరిగి పిండి అంతా ఒక్కచోట కుప్ప పడింది. విమల నడుముకు కట్టి ఉన్న ఎడమచేతి వైపు చూసింది. జేజి కూడా చూసింది. ఆ వాకిట్లో ఎడమచేత్తో ముగ్గు పడడమంటే ఏమిటో ఈనాటి పిల్లలకు చెప్పినా అర్థం కాదు. జేజి కండువా ముడి విప్పింది. గుడ్డపీలిక కుడిచేతి నుంచి తీసి ఎడమచేతికి కట్టింది. “ఏ చేత్తో వేసినారో నేల చెప్తదా ఏంది” అని గొణిగింది, ఎవరో కాదన్నట్టు.

విమల మొదలుపెట్టింది. వేళ్లు పట్టుకోనక్కర్లేదు, చెయ్యి పైకి ఎత్తనక్కర్లేదు, మనిషి నడిస్తే చాలు. అది నడిచింది. ఒంటిని అటూ ఇటూ ఊపుతూ, వెనక్కీ ముందుకీ అడుగులు వేస్తూ, వాకిలి సగం దాకా ఒక గీత, అక్కడినుంచి మళ్లుకుని ఇంకో గీత. జేజి వెనకే బుట్ట పట్టుకుని, చిప్ప ఖాళీ అయినప్పుడల్లా పిండి పోస్తూ నడిచింది. అది చేప అని మాకు తెలిసేసరికి తల వాకిట్లో ఉంది, తోక వీధిలోకి పోయింది. అవతలనుంచి వస్తున్న గడ్డిబండి ఆగింది. బండివాడు కాసేపు చూసి, ఎద్దుల్ని పక్కకి మళ్లించి, తోక తొక్కకుండా చక్రం దాటించుకుని పోయాడు. రెండేళ్ల తర్వాత మా చెల్లెలు వేసిన మొదటి బొమ్మ అది. తన రహస్యం నేను బయటపెట్టినందుకు జేజి ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. మర్నాటి నుంచి మాత్రం ఎండెక్కాకే, వీధి అంతా చూస్తుండగా, చిప్పతోనే ముగ్గు పోసింది.

ఆ సాయంత్రం అరుగు మీద జనం చేరితే నాయన పత్రిక విప్పలేదు. “ఈ పొద్దు వాదం లేదు. నా బిడ్డ చేతి విషయంలో రెండేళ్లు నేను తప్పు చేసినాను. ఎట్టా చేసినానో చెప్తా వినండి” అని మొదలుపెట్టి, దాచకుండా చెప్పాడు. ఊళ్లో మగవాళ్లు తప్పు ఒప్పుకోవడం నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాత కూడా ఎక్కువసార్లు చూడలేదు. మర్నాడు ఆయన పంచలో దూలానికి ఉన్న ఉయ్యాల కొక్కేనికి అదే కండువా వేలాడదీసి, దాని మడతలో విమల మోచెయ్యి పెట్టించాడు. చెయ్యి బరువు కండువా మోసింది, విమల అటూ ఇటూ తిప్పుకుంటే చాలు. ఎదురుగా గోడ. సున్నం కొట్టేందుకు మొగలి ఊడను నలగ్గొట్టి చేసిన కుంచె ఒకటి, బొక్కెనలో నీళ్లు. ఎండకు కాగిన గోడ మీద ఒట్టి నీళ్లతో గీస్తే నల్లగా గీత పడేది, నొక్కనవసరం లేదు, తాకిస్తే చాలు. కొంగ వేసి కళ్లు దిద్దేలోగా కాళ్లు ఆరిపోయేవి. విమల నవ్వి మళ్లీ కాళ్లు వేసేది. అలసిపోయిందని దాని ముఖం చెబితే నాయన ఆపించేవాడు. ఇంకొక్కసారి అనడం మానేశాడు.

అయినా పలక మిగిలింది. బలపానికి గుడ్డ చుట్టాం, జారింది. మట్టి ముద్ద పెట్టాం, బరువైంది. పాలెం నుంచి వచ్చి చేపలమ్మే పోలయ్య ఒకరోజు వాకిట్లో తట్ట దించి ఇదంతా చూశాడు. భుజం మీద ఉన్న వలముక్క లోంచి ఒక బెండు కోసి తీసి, మా బలపం ముక్కను దాని రంధ్రంలో దూర్చాడు. సరిగ్గా పట్టింది.

“దీన్ని పట్టుకోను వేళ్లతో పన్లేదు పెద్దమ్మా. అరిచెయ్యి మూస్తే చాలు. రాతిబలపం మానేసి మెత్తని సుద్ద పెట్టండి, పాపకి నొక్కే పనుండదు” అన్నాడు.

పోలయ్య బెండును జేజి చేతికివ్వలేదు, నేల మీద పెట్టాడు. జేజి దాని మీద నాలుగు నీళ్లచుక్కలు చల్లి లోపలికి తీసుకుంది. నా జేజిని నేనెంత ప్రేమించినా ఆ నాలుగు చుక్కలు రాయకుండా వదలను. ఎడమచేతిని క్షమించిన మనిషికి పోలయ్య చెయ్యి ఇంకా దూరంగానే ఉంది. నాయన ఆ పూట పొలంలో ఉన్నాడు. ఉంటే ఏమనేవాడో నేను పూచీ పడలేను. పోలయ్య బెండు అరవై ఏళ్లుగా మా ఇంట్లో ఉంది, పోలయ్య మాత్రం ఎన్నడూ మా గడప దాటలేదు.

సెలవులు అయిపోయాయి. బడి తెరిచిన రోజు నాయన, నేను, విమల వెళ్లాం. అయివారు బెండును చూసి, “ఇదేందమ్మా, పలకలో చేపలు పడతావా?” అన్నాడు. ఎడమచేత్తో పట్టుకోవడం చూసి మరీ కనుబొమలు ముడిచాడు. నాయన గొంతు సవరించుకున్నాడు. ఇక ఉపన్యాసం తప్పదని నాకు భయం వేసింది. అంతలో విమల పలకను నేల మీద పెట్టి, మోకాలితో అదిమి, భుజమంతా తిప్పుతూ ‘అ’ రాసింది. పలక మొత్తం నిండిపోయింది. గీత వణికింది, కాని అది ‘అ’.

“ఒక అక్షరానికి ఒక పలకయితే నీకు బండెడు పలకలు కావాల గదా” అన్నాడు అయివారు.

“తుడుచుకుంటా రాస్తాలే అయివారూ” అంది విమల, వెంటనే పరికిణీ అంచుతో తుడిచి ‘ఆ’ రాసింది. తర్వాత ‘ఇ’. అయివారు నాలుగో అక్షరం దాకా నిలబడి చూశాడు. నాయన చెప్పదలుచుకున్నది నాయన నోట్లోనే ఉండిపోయింది. అయివారు లోపలికి పోయి హాజరుపట్టీ తెచ్చి, విమల పేరు రాసుకున్నాడు. నెల తిరిగేసరికి, పలక చాలడం లేదని దానికి బడి పంచలో నేల అంతా రాసిచ్చాడు. మిగతా పిలకాయలు వాళ్ల చిన్న పలకల్ని చూసుకుని కుళ్లుకున్నారు.

విమల చేతులు బాగుపడ్డాయని మీరు అనుకుంటున్నట్టున్నారు. బాగుపడలేదు. కుడిచెయ్యి ఇప్పటికీ అంతే. అది గొప్ప చిత్రకారిణి కూడా కాలేదు. గ్రంథాలయంలో ఉద్యోగం చేసి రిటైరయింది. నాయుడుపేటలో దాని ఇంటి ప్రహరీ మీద సున్నంతో గీసిన కొంగలు మాత్రం వీధి చివరిదాకా నడుస్తాయి, ఏటా కొత్తవి. ఆ కాలం మంచిదని నేను చెప్పను. ఆ కాలంలో ఆ జ్వరానికి అడ్డు వేసే చుక్కలు మా ఊరికి రాలేదు. పాలెంలో అదే జ్వరం తగిలిన పిల్లలకు కండువా లేదు, కొక్కెం లేదు, పలకే లేదు. ఈనాడు అంగట్లో లావుపాటి రంగుపుల్లలు దొరుకుతాయి, నెల్లూరులో చేతులకు వ్యాయామం చేయించేవాళ్లు ఉన్నారు. లేనిదల్లా, రెండేళ్లు తప్పు చేశానని నలుగురిలో చెప్పే నాయన, తన సిగ్గును తెచ్చి వాకిట్లో పెట్టే జేజి. ఇప్పుడు నలభై మందికి ఒకే నెమలి ఇచ్చి, గీత దాటకుండా రంగు నింపమంటాం. గీత దాటేవాళ్లకు బహుమతి లేదు. గీత దాకా రాలేనివాళ్లకు బెంచీ.

వారం తర్వాత నేనూ విమలా మళ్లీ ఆ కోవూరు బడికి వెళ్లాం. ఈసారి ఎవరూ పిలవలేదు. విమల బెండులోంచి తన పెన్ను తీసి, రంగుసుద్ద దూర్చి, ఆ రిబ్బన్ల పిల్ల ముందు బెంచీ మీద పెట్టింది. ఏ చేతికీ ఇవ్వలేదు, ఊరకే పెట్టింది. ఆ పిల్ల రెండు చేతులూ ఒళ్లోంచి తీసి, రెండింటితో కలిపి బెండు పట్టుకుంది. కాగితం మీద మొదలైన నీలం గీత కాగితం దాటి, బెంచీ మీదికి పోయింది. టీచరమ్మ గుడ్డ తీసుకుని తుడవబోయింది. “ఉండనీ అమ్మా, తోక అది” అంది విమల. టీచరమ్మ గుడ్డ పక్కన పెట్టి అడిగింది. “ఇట్టాంటివి యాడ దొరుకుతాయి మేడం?” విమల బెండును తిరిగి తీసుకోలేదు.

రేపే మీ ఊరి బడికి వెళ్లండి. బొమ్మలు వేసే గంటలోనే వెళ్లండి. చేతులు ఒళ్లో పెట్టుకున్న పిల్ల ఎక్కడ కూర్చుందో వెతకండి, తల నిమరకండి. పెన్సిలు లావు చెయ్యండి, మెత్తని సుద్ద ఇవ్వండి, చెయ్యి బరువుగా ఉంటే ఒక గుడ్డతో మొయ్యండి, కాగితం చాలకపోతే నేల ఇవ్వండి. ఏ చెయ్యి ముందుకొస్తే ఆ చేతికి ఇవ్వండి. తోక వీధిలోకి వస్తే, మీ బండిని పక్కకి మళ్లించుకోండి.